‘బస్సు లేటైంది’: ఒక అబద్ధం, రెండు యాప్‌లు

తెలుగు వార్తల భాషలో ‘వ్యక్తి’ అంటే మగవాడు. వాదన కోసం అంటున్న మాట కాదిది. ఏ జిల్లా పేజీ అయినా తెరిచి చూడండి. ‘రోడ్డు ప్రమాదంలో వ్యక్తి మృతి’ అని శీర్షిక వుంటే, లోపల చదవకుండానే పోయింది మగవాడని మనకి తెలిసిపోతుంది. పోయింది ఆడమనిషి అయితే అక్కడ వ్యక్తి వుండదు, ‘వివాహిత’ వుంటుంది. పెళ్ళి కాకపోతే ‘యువతి’, వయసు మళ్ళితే ‘వృద్ధురాలు’, ఏ లెక్కలోకీ రాకపోతే ‘మహిళ’. మగవాడు వ్యక్తి కాకపోతే కనీసం వృత్తి అయినా అవుతాడు: రైతు, ఆటోడ్రైవరు, మత్స్యకారుడు. ‘వివాహితుడు అదృశ్యం’ అన్న శీర్షిక ఇంతవరకూ నా కంటపడలేదు. మీలో ఎవరికైనా కనిపించి వుంటే చెప్పండి, సంతోషిస్తాను.

కాగితం మీద పుట్టిన ఈ వ్యాకరణం ఇప్పుడు ఫోనులోకి వచ్చి చేరింది. ఒకప్పుడు ఉచితంగా ఎస్సెమ్మెస్‌లు పంపుకోవడానికి వాడిన వే2ఎస్సెమ్మెస్ వెనకున్న హైదరాబాదు సంస్థే తర్వాత వే2న్యూస్ తెచ్చింది. 2018లో వచ్చిన లోకల్ యాప్ తెలుగు జిల్లాలతోనే మొదలై ఇతర భాషలకి వెళ్ళింది. మన జిల్లా, మన మండలం ఎంచుకుంటే చాలు, చుట్టుపక్కల జరిగిందంతా ఒక ఫోటో, నాలుగు వాక్యాల ముక్కలుగా వస్తుంది. అదే ఫోనులో ఇంకో మూల బస్సు జాడ చెప్పే యాప్ వుంటుంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ‘లైవ్ ట్రాక్’, తెలంగాణ ఆర్టీసీకి 2023 ఆగస్టు నుంచి ‘గమ్యం’. ఈ రెండు జాతుల యాప్‌లనీ పక్కపక్కన పెట్టి, కథల సంపుటాలు చదివినట్టు చదవాలన్నది ఈ వ్యాసంలో నా ప్రయత్నం. ఏది త్వరగా తెరుచుకుంటుంది, ఏది బ్యాటరీ తింటుంది అన్న పోలిక చేసేవాళ్ళు వేరే వున్నారు. నేను అడిగేది మన విమర్శకి పాతబడిన ప్రశ్నే: ఈ పాఠంలో స్త్రీ ఎక్కడ వుంది? ఆమె గురించి ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు?

చదవడానికి ఒక చోటు కావాలి. పాలకాయతిప్పని ఎంచుకున్నాను. దివిసీమ అడుగున, కోడూరు మండలంలో, హంసలదీవి పక్కన, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గరగా వున్న ఊరు. దివిసీమలోకి రైలు రాలేదు. బందరు లైను గుడివాడ మీదుగా బెజవాడ వైపు పోతుంది. నదికి అవతలి ఒడ్డున ఇంకో లైను రేపల్లెలో ఆగిపోతుంది. మధ్యలో వున్న ఈ సీమకి బస్సే దిక్కు, బస్సు తర్వాత ఆటో. ఆసుపత్రికైనా కాలేజీకైనా బ్యాంకు పనికైనా కోడూరు, అవనిగడ్డ, అదీ చాలకపోతే చల్లపల్లి, బందరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేలమంది దాకా పోయిన ప్రాంతం ఇది. ఆనాడు రోడ్లూ, టెలిఫోను తీగలూ ఒక్కసారే తెగిపోయాయి. వార్తా దారీ వేరువేరు కావని ఇక్కడి పెద్దవాళ్ళకి ఎవరూ సిద్ధాంతం చెప్పక్కర్లేదు.

ఇక ఫోను ఎవరి చేతిలో వుంది అన్న ప్రశ్న. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైలు వున్న స్త్రీలు 48.9 శాతం అని చెప్పింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. ఆ తర్వాత ఫోనులు పెరిగాయి, నిజమే. కానీ ఇంటికి ఒకే మంచి ఫోను వున్నచోట అది పగలంతా ఎవరి జేబులో తిరుగుతుందో మీరూ నేనూ ఊహించగలం. నేను మాట్లాడిన ఆడవాళ్ళలో చాలామంది ఈ యాప్‌లని పక్కవాళ్ళ భుజం మీంచి చదివినవాళ్ళే. కొందరు చదివించుకుని విన్నవాళ్ళు. కాబట్టి ఇక్కడ ‘పాఠకురాలు’ అన్న మాటని కాస్త వదులుగా వాడుతున్నాను.

ముందు వార్తల యాప్. వారాల తరబడి ఒక స్థానిక వార్తల యాప్‌లో వచ్చిన శీర్షికలని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఏ యాప్ అన్నది ముఖ్యం కాదు, శీర్షికల ధోరణి అంతటా ఒక్కటే. స్త్రీ కర్తగా వున్న వాక్యాలు తక్కువ కావు. ఇది నన్ను మొదట ఆశ్చర్యపరిచింది. ‘భర్తపై ఫిర్యాదు చేసిన వివాహిత’, ‘పిల్లలతో సహా ఇంటి నుంచి వెళ్ళిపోయిన మహిళ’. వ్యాకరణం ప్రకారం చూస్తే క్రియ ఆమెదే. కానీ గమనించండి, తెలుగు శీర్షికలో వాక్యం తిరగబడుతుంది. ఆమె చేసిన పని ఆమెకి విశేషణంగా మారిపోతుంది. ‘మహిళ వెళ్ళిపోయింది’ అంటే అది ఒక చర్య. ‘వెళ్ళిపోయిన మహిళ’ అంటే అది ఒక రకం మనిషి. ఆ మనిషిని మనం చూస్తూ కూర్చుంటాం. ఇక ఫోను గణగణలాడించే హెచ్చరికల్లో అయితే వాక్యం పూర్తే కాదు. ‘ఆమె ఏం చేసిందంటే...’ అని వదిలేస్తారు. ఆ చుక్కల మీద వేలు పెట్టి నొక్కేవాడికోసం రాసిన వాక్యం అది. ఆమె కోసం కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి యాప్‌లలో వార్తతో పాటు ఉద్యోగాలు, స్థలాల అమ్మకాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి, పెళ్ళి సంబంధాలు కూడా వుంటాయి. వివాహిత బలవన్మరణం కింద వధువు కావలెను. ఎవరూ కావాలని అలా పేర్చరు, యంత్రం పేర్చుతుంది. కాని ఏ కథకుడూ ఇంత నిర్దయగా రెండు పేరాలని పక్కపక్కన పెట్టి వుండడు.

స్థానిక వార్తకి ఈ గతి మొదటినుంచీ లేదు. ఇదే బందరులో 1902లో కృష్ణాపత్రిక మొదలైంది. అదే ఏడు అదే ఊళ్ళో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టారు. అచ్చమాంబ ఊరూరూ తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించింది, ఉపన్యాసాలిచ్చింది, అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది, 1905లో ముప్పై ఏళ్ళకే పోయింది. ఆమె సంగతి ఇక్కడ ఎందుకంటే, ఆమె బతుకులో ప్రయాణమూ రచనా ఒకే పని. తాను వెళ్ళిన చోటు గురించి తానే చెప్పింది. తాను దారిలో వుండగా ఆమె ఎవరికో వార్త కాలేదు. నా పరిశోధన స్త్రీల యాత్రారచనల మీద కాబట్టి ఈ తేడా నాకు మిగతావాళ్ళకంటే ఎక్కువ పట్టింపు కావచ్చు.

దగ్గరి కాలంలోనూ ఒక ఉదాహరణ వుంది. 1989 నుంచి ఈనాడు జిల్లాకో చిన్న పత్రిక వేయడం మొదలుపెట్టాక ఊరి సంగతికి అచ్చులో చోటు దొరికింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని తరిమితే ఆ కబురు పక్క ఊరికి, ఆ పక్క ఊరికి పాకడంలో ఈ పేజీల పాత్ర చిన్నది కాదు. పత్రికల ఆసక్తి వెనక వేరే లెక్కలున్నాయని అప్పుడే మనవాళ్ళు రాశారు, నేను కాదనను. అయినా ఆ వార్తల్లో ఆడవాళ్ళు బహువచనంలో వున్నారు. ‘దూబగుంట మహిళలు’ అన్నప్పుడు పెళ్ళయిందా లేదా అని ఎవరూ అడగలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చేదాకా వాళ్ళు వార్తల్లో చూడదగిన మనుషులుగా కాక, పని చేసే మనుషులుగా నిలబడ్డారు. నేటి యాప్ స్త్రీని ఏకవచనంలోకి తెచ్చింది. ఒక్కొక్క కార్డుకి ఒక్కొక్క ఆడది. ఒకటి వేలితో పైకి తోస్తే ఇంకొకటి.

మంచి చెప్పకపోతే అన్యాయం. తుఫాను రోజుల్లో ఇవే యాప్‌లు ఆదుకుంటాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటేముందు పాలకాయతిప్పలో ఏ యాప్ తెరిచినా హెచ్చరికలే. అప్పుడు భాష కూడా మారిపోతుంది. ‘మీరు’ అని పిలుస్తుంది, ‘వెళ్ళండి’ అంటుంది. స్త్రీ కూడా ఆ ‘మీరు’లో వుంటుంది. తుఫాను పోగానే మళ్ళీ ‘ఆమె’ అయిపోతుంది.

ఇప్పుడు బస్సు యాప్. దీనికి శైలి అంటూ లేదు, అదే దీని శైలి. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు గళ్ళు. నింపితే బస్సులు. బస్సులో ఒక పరికరం వుండి తానున్న చోటుని కాసేపటికోసారి పంపుతుంది. అవతల సర్వరు దాన్ని దారిలోని స్టాపుల జాబితాతో పోల్చి ఎంతసేపట్లో వస్తుందో లెక్కకడుతుంది. పటం మీద ఒక చుక్క కదులుతుంది. సిగ్నల్ అందని చోట ఆ చుక్క పాతచోటే నిలబడిపోతుంది. బస్సు మాత్రం వస్తూనే వుంటుంది. ఇంతే కథ. ఇందులో మనుషులే లేరు.

గళ్ళ సంగతి చూద్దాం. రెండే వున్నాయి. పొద్దున ఇంటినుంచి ఆఫీసుకి, సాయంత్రం ఆఫీసునుంచి ఇంటికి వెళ్ళేవాడి ప్రయాణానికి రెండు గళ్ళు చాలు. ఆడమనిషి ప్రయాణం అలా వుండదన్నది రవాణా మీద పనిచేసిన స్త్రీవాద పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్న మాట. పాలకాయతిప్పలో నాతో మాట్లాడిన ఒకామె తన బందరు ప్రయాణం చెప్పుకొచ్చింది. కోడూరులో దిగి బ్యాంకులో పాసు పుస్తకం వేయించుకోవాలి. అవనిగడ్డలో అత్తగారి బీపీ మందులు. చల్లపల్లిలో అక్క కూతురికి బాలింత పథ్యం సామాను ఇచ్చిరావాలి. అప్పుడు బందరు. తిరిగొచ్చేటపుడు ఈ వరస మారొచ్చు. దీనికెన్ని గళ్ళు కావాలి? ‘గమ్యం’ అన్న పేరు చాలా అందమైన పేరు, ఒప్పుకుంటాను. కాని ఆమెకి గమ్యం ఒకటి కాదు. నిజానికి ఆమెకి గమ్యమే లేదేమో, మజిలీలున్నాయి. ఇదే ‘గమ్యం’లో రాత్రిపూట స్టాపు లేని చోట ఆడవాళ్ళు ఫోను తెరని చూపించి బస్సు ఆపించుకునే ఏర్పాటు పెట్టారు. బస్సు యాప్ తన పాఠంలో స్త్రీని పేరుపెట్టి పిలిచిన చోటు నేను చూసినంతలో అదొక్కటే. ఆమెని పిలిచింది భయం కారణంగానే అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

స్టాపు అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ట్రైమెట్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి బస్సుల సమాచారాన్ని ఒక పద్ధతిలో రాసే పట్టికలు తయారుచేశాయి. ఇవాళ ప్రపంచంలో చాలా నగరాలు ఆ పద్ధతినే వాడుతున్నాయి. అందులో స్టాపు అంటే ఒక సంఖ్య, ఒక పేరు, రెండు కొలతలు: అక్షాంశం, రేఖాంశం. ఆ పద్ధతి వాడినా, మరోటి వాడినా లెక్క ఒకటే. పట్టికలో లేని చోటు లోకంలో లేదు. పల్లెవెలుగు బస్సు ఎక్కినవాళ్ళకి తెలుసు, సగం స్టాపులకి సంఖ్యలుండవు. మర్రిచెట్టు, ఐసు ఫ్యాక్టరీ, చెరువు గట్టు. ‘కాస్త ఆపు నాయనా’ అని ముసలామె అడిగిన చోటు. పైగా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పాలకాయతిప్పలో ‘తి’ని ఒకరు ‘టి’ అక్షరంతో రాస్తారు, ఇంకొకరు దాని పక్కన ‘హెచ్’ చేరుస్తారు. తిప్ప అంటే ఇసుక దిబ్బ అని తెలిసిన ఆడమనిషి, తన ఊరి పేరు యంత్రానికి నచ్చేట్టు రాయలేక, ఆ ఊరి దారిలోనే నిలబడివుంటుంది.

ఇన్ని లోపాలున్నా, ఒక పాఠంగా నాకు బస్సు యాపే నయమనిపించింది. అది ఆమె గురించి ఏమీ అనదు. వివాహిత అనదు, యువతి అనదు. పటం మీద కదిలే చుక్కకి లింగం లేదు. వార్తల యాప్ పెట్టే హోరు విన్న చెవికి ఆ మౌనం హాయిగా వుంటుంది. ఈ అభిప్రాయం మీద నేను కొన్నాళ్ళు బాగానే నిలబడ్డాను.

ఈలోగా 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీశక్తి’ వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపించి ఆడవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు సున్నా టికెట్టుతో వెళ్ళొచ్చు. (1978లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన పేరుతో కూడిన మన అక్కలకి ఈ పేరు వినగానే ఏమనిపించిందో! పేర్లు కూడా బస్సులెక్కి ఎక్కడెక్కడికో పోతాయి.) ఢిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక, తెలంగాణ 2023లో ఈ పని చేశాయి. దీన్ని ఓట్ల ఎర అని కొట్టిపారేసే మేధావులతో నాకు పేచీ వుంది, అది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పాల్సింది, మన రెండు యాప్‌లూ ఈ బస్సులోనే కలిశాయని.

ఎలా కలిశాయో మీకు తెలుసు. సీటు కోసం ఇద్దరాడవాళ్ళు జుట్టూజుట్టూ పట్టుకున్న వీడియో. తెలంగాణలో పథకం మొదలైన దగ్గర్నుంచి అదొక ప్రక్రియ అయిపోయింది, ఆంధ్రలోనూ పథకం వెంటే దిగింది. ‘సిగపట్లు’ అన్న మాటకి ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. తెలంగాణ బస్సులో కూర్చుని ఎవరో వెల్లుల్లి ఒలుచుకున్నారు. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఆ మాటా ఈ మాటా పెరిగి 2024 ఆగస్టులో మాజీ మంత్రి కె.టి. రామారావు బస్సులో డాన్సుల గురించి ఒక మాట అనడం, మహిళా కమిషన్ నోటీసు ఇవ్వడం, ఆయన విచారం చెప్పడం జరిగాయి. నాకు ఆ వెల్లుల్లి మీదే ధ్యాస. గంటన్నర ప్రయాణంలో సాయంత్రం కూరలోకి వెల్లుల్లి ఒలుచుకున్న ఆడమనిషి, ఇంటిపనికి సెలవు లేదని ఒక్క చిత్రంలో చెప్పింది. అంత మంచి కథని వార్తగా చెప్పినవాళ్ళు నవ్వులాటగా చెప్పారు. అంటే బస్సు యాప్‌కి బస్సు కనిపిస్తుంది, అందులోని స్త్రీ కనిపించదు. వార్తల యాప్‌కి స్త్రీ కనిపిస్తుంది, ఆ బస్సు కోసం ఆమె ఎంతసేపు నిలబడిందో కనిపించదు.

నిలబడటం గురించే పాలకాయతిప్పలో ఎక్కువ మాట్లాడాం. నేను వాళ్ళ ఎదురుచూపు కష్టం గురించి అడిగితే వాళ్ళు ఇంకేదో చెప్పడం మొదలుపెట్టారు. ముందు నవ్వులు. తర్వాత ఒక పెద్దావిడ, ‘అమ్మాయ్, బస్సు రాకపోతే తిట్టుకుంటాం గానీ, లేటయితే ఏం నష్టం?’ అంది. అర్థం కాలేదు. పక్కనున్నామె విడమరిచింది. అవనిగడ్డ వెళ్ళిన రోజు పని అయిపోయాక చిన్నప్పటి స్నేహితురాలి ఇంటికి వెళ్ళి ఒక గంట కూర్చుంటుంది. ఏమీ చేయరు. టీ తాగుతారు. ఒక్కోసారి ఇద్దరూ నడుం వాలుస్తారు. ఇంటికొచ్చాక ‘ఇంతసేపేంటి’ అంటే జవాబు సిద్ధంగా వుంటుంది: ‘బస్సు లేటైంది.’

ఆ మూడు గదుల ఇంట్లో ఆ మాటని ఎవరూ కాదనలేరు. కోడూరు రోడ్డు ఎలాంటిదో అందరికీ తెలుసు. ఇలాంటివి ఇంకా చాలా విన్నాను. పుట్టింటి మనిషి కనిపిస్తే మాట్లాడటానికి, మోపిదేవి గుళ్ళో ఊరికే కాసేపు కూర్చోవడానికి, బట్టల కొట్లో ఏమీ కొనకుండా చీరలు చూడటానికి, ఒకామె అయితే బందరులో సినిమాకి. అన్నిటికీ ఆ ఒక్క వాక్యమే. తల్లినుంచి కూతురికి, అత్తనుంచి కూడా కోడలికి అందిన వాక్యం. (అత్తలు కూడా ఒకప్పుడు వాడినవాళ్ళే కాబట్టి కొందరు వినీ విననట్టు వూరుకుంటారట.) ముంబయి స్త్రీల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో తెచ్చిన ‘వై లాయిటర్’ పుస్తకం చెప్పిన సంగతే ఇది: బయట కనిపించే ఆడదాని చేతిలో ఏదో ఒక పని కనిపించాలి. ఊరికే వుండే హక్కు ఆమెకి లేదు. లేని హక్కుని పాలకాయతిప్ప ఆడవాళ్ళు మూడు ముక్కల అబద్ధంతో తెచ్చుకున్నారు. కథ అంటే నాకు తెలిసినంతలో ఇదే. వినేవాడికి నమ్మబుద్ధేసేది, చెప్పేదానికి కాస్త చోటు మిగిల్చేది.

బస్సు యాప్ ఈ కథని చంపేసింది. ఒక నడివయసామె చెప్పింది: ఇంటికొచ్చి మామూలుగానే బస్సు లేటని చెబితే, కొడుకు ఫోను తీసి చూపించాడట. ‘బండి నాలుగుంబావుకే కోడూరు దాటిందిగా అమ్మా.’ కొడుక్కి అనుమానం కూడా కాదు, తెలివి చూపించుకోవడం. ఆమె ఏదో సర్దిచెప్పింది. తర్వాతి రెండు నెలలు అవనిగడ్డలో ఎక్కడా ఆగలేదు. ‘చుక్క చూత్తా వుంటాడు కదా’ అంది. టికెట్టు సున్నా అయిన ఏడాదే ఆమెకి ఆ గంట కూడా సున్నా అయింది. ఫోను చేసి ఎక్కడున్నావని అడిగితే అబద్ధమాడొచ్చు. పటానికి అబద్ధం చెప్పడం ఎలా?

లింగం లేని చుక్క అని నేను ముచ్చటపడింది ఈ చుక్క గురించే. అది అందరికీ కనిపిస్తుంది. బస్సులో వున్నామెకి కనిపించాల్సిన అవసరం తక్కువ, ఇంట్లో వున్నవాళ్ళకి ఎక్కువ. ఎదురుచూసేది ఎవరు, ఎవరి కోసం అన్నదాన్ని బట్టి అదే చుక్క దీపమూ అవుతుంది, కాపలావాడూ అవుతుంది. అవనిగడ్డలో డిగ్రీ చదివే అమ్మాయి తల్లి నాతో గట్టిగా వాదించింది. చీకటిపడే వేళ, శీతాకాలం, కూతురు చివరి బస్సులో వస్తుంటే ఆ చుక్క చూస్తూ తను గుండె చిక్కబట్టుకుంటానంది. ‘నీకు పిల్లల్లేరు కాబట్టి అలా అంటావు’ అని కూడా అంది. నేనేమీ అనలేదు. పక్కనే వున్న కూతురు మాత్రం గోళ్ళు చూసుకుంటూ, ‘నాకూ ఒక్కోసారి లేటవ్వాలనిపిస్తదమ్మా’ అంది. తల్లి విననట్టే ఊరుకుంది.

వార్తల యాప్ స్త్రీ మీద కథలు అల్లుతుంది. బస్సు యాప్ స్త్రీ అల్లుకున్న ఒక్క కథనీ లాక్కుంటుంది. ఒకటి మాట్లాడి, ఒకటి మాట్లాడక. రెండూ ఒకే ఫోనులో, ఒకే మగవాడి జేబులో.

ఇది చెప్పేసి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే వాళ్ళు ఊరుకోలేదు. పాలకాయతిప్పలో డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళు కొందరు వాట్సాప్‌లో గొంతు సందేశాలు పంపుకుంటారు. రాయడం రాని వాళ్ళకి కూడా అది వీలు. వాళ్ళ అనుమతితో కొన్ని విన్నాను. ఒకటి ఇలా వుంది: ‘ఏడున్నర బండి లేదంటమ్మా. కోడూరు కాడ ఆగిపోయిందంట. ఆటో మాట్లాడా, ఎనిమిదింటికి వచ్చుద్ది, నలుగురికి చోటుంది. మా తోడికోడలికి రాత్రి నుంచి జొరం, దాన్ని ముందు కూచోబెట్టాలి. గంప వుంటే ఎనక కట్టిత్తాడంట. ఎవరెవరో చెప్పండి.’ వెనక కోడి అరుపు, ఎవరో పిల్లాడి ఏడుపు, మధ్యలో ‘ఉండరా’ అని ఒక కసురు.

ఇందులో వార్త వుంది, రవాణా వుంది. వచ్చే బండి వుంది, రాని బండి వుంది, ఎంతమందికి చోటుందో లెక్క వుంది, ఎవరు ముందు కూర్చోవాలో న్యాయం వుంది. చేపల గంపకి కూడా ఒక వాక్యం దొరికింది. ‘వివాహిత’ లేదు, ‘తోడికోడలు’ వుంది. తోడికోడలు కూడా పెళ్ళి తెచ్చిన పేరే కదా అంటారా? నిజమే. కాని అందులో ‘తోడి’ అన్న ముక్క వుంది, అది మాట్లాడుతున్నామె వైపునుంచి వచ్చిన చూపు. ఇంకొక సంగతి ఆలస్యంగా గమనించాను. ఆటో మీద చుక్క వుండదు. ఆటోలో వెళ్ళిన రోజు ఎవరు ఎంతసేపు ఎక్కడ కూర్చున్నారో ఏ పటమూ చెప్పదు. ఉచితంగా వచ్చే బస్సుని వదిలి ముప్పై, నలభై రూపాయలు పెట్టి ఆటో ఎక్కేవాళ్ళు తొందర కోసమే ఎక్కుతున్నారని ఇంక నేను అనుకోను.

ఈ సందేశాలు నిలవవు. ఫోనులో చోటు చాలడం లేదని ఎప్పటికప్పుడు తుడిచేస్తారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలోని స్త్రీల గొంతులు టేపుల్లోకి ఎక్కించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసేటపుడు మాటని మాటగా వుంచడం గురించి పడిన శ్రమ నాకు ఇప్పుడు తెలుస్తోంది. నేను అడిగి కొన్ని సందేశాలు దాచుకున్నాను. కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను. ‘వచ్చుద్ది’ని ‘వస్తుంది’ చేయకూడదన్నది తేలికగానే తేలిపోయింది. పేర్లు తీసేయాలన్నదీ తేలింది. ఆ ‘ఉండరా’ని ఎక్కడ రాయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది సందేశంలో భాగమా కాదా అని ఆమెనే అడిగాను. ‘రాయి, వాడు అల్లరోడని అందరికీ తెలియాలి’ అంది.